కందికాయల మేడం

శ్రీకాకుళం జిల్లా హైస్కూళ్లలో సుహాసిని గారు అంటే ఎవరావిడ అని అడుగుతారు. కందికాయల మేడం అంటే మాత్రం అందరికీ తెలుసు. ఈ పేరు చాటున అనుకునేది కాదు, ముఖం మీదే పిలుస్తారు. ఆవిడా పలుకుతుంది. పిలిచే మనుషులే తక్కువైనప్పుడు ఏ పేరుతో పిలిచారన్నది పెద్ద పట్టింపు కాదు.

యాభై రెండేళ్ల మనిషి, సోషల్ టీచరు. ఆరేళ్ల నుంచి ఏడాదిలో కొన్నాళ్లు పిల్లలకు కాకుండా టీచర్లకు పాఠం చెప్పే పని పడింది. ఇక్కడి హైస్కూలు క్లాసులో ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్ల ఉంటుంది, కొండ దిగి వచ్చిన సవర పిల్ల ఉంటుంది, తండ్రి పది నెలలు గుజరాత్ బోట్ల మీద ఉండే కళింగపట్నం వైపు పిల్లాడుంటాడు. రైతుల పిల్లలు సరేసరి. వీళ్లందర్నీ ఒకే కర్రతో తోలకుండా చదువెలా చెప్పాలి అన్నది రెండు రోజుల శిక్షణ. ప్రభుత్వం వారు దానికి పెద్ద పేరే పెట్టారు. ఆ పేరు బ్యానరు మీద రెండు వరుసలు పట్టింది గనక దాన్ని అక్కడే ఉండనిద్దాం.

టీచర్లకు పాఠం చెప్పడమంటే పిల్లికి స్నానం చేయించడమే. పొద్దున్నే ఫోనులో హాజరు పడేదాకా ఆత్రం, పడ్డాక కునుకు. వెనక వరుసలో ఒకాయన పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటాడు. ఒకావిడ ఇంటి దగ్గర చంటివాడు పాలు తాగాడో లేదో కనుక్కోవడానికి అరగంటకోసారి బయటికి పోతుంది. సమోసాలు ఎన్ని గంటలకన్న విషయంలో మాత్రం అందరికీ ఏకాగ్రతే. వాళ్లను తప్పుపట్టీ లాభం లేదు. పైనుంచి వచ్చే ప్రతి శిక్షణా మీకేమీ రాదు అన్న మాటతోనే మొదలవుతుంది మరి, ఎంతకని వింటారు.

అలాంటి హాల్లో భోజనాల తరవాతి గంట సుహాసినిది. ఆ గంటలో ఎవరూ ఫోను ముట్టరు, చేతులు ఖాళీగా ఉండవు గనక.

ఆవిడ పొద్దున్నే లేచి కుక్కరులో ఉప్పేసి కందికాయలు ఉడికించి సంచీలో పట్టుకొస్తుంది. కాలం కానప్పుడు వేరుశనక్కాయలు తెస్తుంది గానీ పేరు కందికాయలదే నిలిచింది. ఒక్కొక్కరి అరచేతిలో గుప్పెడు పోసి, తినకండి, పట్టుకుని కూర్చోండి అంటుంది. ఉడికిన కాయల వాసన ముక్కుకి తగులుతుంటే తినడానికి లేదంటే నవ్వొస్తుంది కదా, అందరూ నవ్వుతారు. అప్పుడు వరుసల మధ్యకి వచ్చి, ఎవరో ఒకరి ముందు ఆగి, గొంతు మార్చి, ఏం నచ్చలేదా, నేను తెచ్చింది నీకు ఆనదా, అంత పొగరా అని నిలదీస్తుంది. తినొద్దన్నదీ ఈవిడే, తినవేం అంటున్నదీ ఈవిడే. అలా ఒకరి తరవాత ఒకర్ని అడుగుతూ పోతే మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగిపోతాయి. నాలుగో మనిషి తల దించుకుంటుంది. అప్పుడు సుహాసిని కథ మొదలుపెడుతుంది.

కొండ కింద ఒక హైస్కూలు. ఒక టీచరు. జనవరి నెల. ఆ టీచరు సంతలో కొత్త కందికాయలు కొని, ఉడికించి, తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రేమగా పంచింది. సవర పిల్లలు తీసుకున్నారు, గుప్పిట మూసుకున్నారు, తినలేదు. టీచరుకి చిన్నతనమనిపించింది. అడిగింది, బతిమాలింది, చివరికి కసిరింది. ముందు వరుసలో ఉన్న సోంబారి అనే పిల్లని దగ్గరికి లాక్కుని, గింజలు ఒలిచి, తన చేత్తో నోట్లో పెట్టింది. పిల్ల మింగింది. మర్నాటి నుంచి బడికి రాలేదు. వాళ్ల గూడెంలో కందికొత్త పండగ అయ్యేదాకా కొత్త కంది నోట పెట్టరు. ముందు దేవతకి, చనిపోయిన పెద్దలకి పెట్టి, ఆ తరవాతే అందరూ కలిసి కూర్చుని తింటారు. ఆ సంగతి టీచరుకి తెలీదు, పిల్లలు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మీ అరచేతుల్ని అడగండి, అంటుంది సుహాసిని.

అలాంటి టీచర్లని సస్పెండు చేయాలని ఎవరో ఒకరు ఆవేశపడతారు. సుహాసిని తలూపుతుంది. ఆ తరవాత ఇక తినండి అంటుంది, అందరూ తింటారు. అభిప్రాయాల కాగితం మీద బాగా ఆలోచింపజేసింది అని కొందరూ, ఉప్పు సరిపోయింది అని కొందరూ రాస్తారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటారంటారు. ఆరేళ్లలో సుహాసిని చెయ్యి ఒక్కసారీ భుజం మీదికి పోలేదు. ఆ టీచరు ఆవిడే. కథలో పిల్ల పేరు అసలు పేరే చెప్పేది, దాచుకున్నది తన పేరు. సోంబారి బడి మానేసింది, ఆ మానేసిన కథతో సుహాసినికి మంచిపేరు వచ్చింది. ఈ మాట ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు, సంచీ భుజాన వేసుకుని బస్సెక్కిన ప్రతిసారీ తనకి తనే చెప్పుకునేది.

ఆవిడ పుట్టింది శ్రీకూర్మంలో, వరి పండించే రైతు ఇంట్లో. నాయనమ్మ కూర్మమ్మ ఉగాది నాడు దేవుడికి పెట్టేదాకా కొత్త మామిడికాయని గడప దాటనిచ్చేది కాదు. పిల్లలు చాటుగా ఉప్పూకారం అద్దుకుని తిన్నారని తెలిస్తే వీపులు మోగిపోయేవి. నాయనమ్మ చేస్తే అది భక్తి అనుకుంది సుహాసిని. అదే పని కొండపిల్ల చేస్తే పొగరనుకుంది. తలచుకున్నప్పుడల్లా తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

నిజానికి ఆవేళ ఆవిడ చేత ఆ పని చేయించింది కోపం కూడా కాదు. పెళ్లి రెండేళ్లు నిలిచింది. తప్పు నీదా నాదా అని తేల్చుకునే ఓపిక ఇద్దరికీ లేక విడిపోయారు. ఆ వెంటనే ఎవరూ కోరుకోని కొండ కింద బడిని కోరి వేయించుకుని వెళ్లింది. ఒక గది, ఒక స్టవ్వు, వారానికో సంత. తను వండింది తనే తినేది. ఎవరైనా ఒక్క మనిషి ఎదురుగా కూర్చుని, తను పెట్టింది తిని, బాగుందంటే చాలనిపించేది. ఎదుటివాళ్ల ఆకలి చూసి పెట్టే చెయ్యి వేరు, తన ఆకలి తీర్చుకోడానికి పెట్టే చెయ్యి వేరు. ఆవేళ సోంబారి నోటికి వెళ్లింది రెండో చెయ్యి.

శిక్షణలో ఎన్నడూ చెప్పని ముక్క ఇంకొకటి ఉంది. సోంబారి రాని నాలుగో రోజు, అదే గూడెం నుంచి వచ్చే ఇంకో పిల్ల బల్ల దగ్గరికి వచ్చి, ఆదివారం కొత్త పండగకి మేడంని రమ్మన్నారని, తాత చెప్పమన్నాడని చెప్పింది. తాత అంటే గూడెం పెద్ద. సుహాసిని పంచాయితీ పెడతారనుకుంది, నలుగురిలో నిలబెట్టి అడుగుతారనుకుంది. అయినా ఆదివారం బయలుదేరింది. గూడేనికి ముందు పారే గెడ్డ దాకా నడిచింది. నీళ్లు మోకాలి లోతే ఉన్నాయి. అవతలి నుంచి డప్పులు వినిపించాయి. ఆ చప్పుడు తన కోసమే అనిపించి, చెప్పులు చేత పట్టుకున్నదల్లా మళ్లీ తొడుక్కుని వెనక్కి తిరిగింది. ఆ వేసవిలో బదిలీ పెట్టుకుని దిగి వచ్చేసింది. అప్పటికీ సోంబారి బడికి రాలేదు.

ఇది జరిగి పద్దెనిమిదేళ్లు.

ఈ జనవరిలో శ్రీకాకుళంలో పెట్టిన శిక్షణలో కథ అయ్యాక హరిబాబు అనే లెక్కల మాస్టారు లేచి నిలబడ్డాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, చెప్పింది రాసుకునే అలవాటు ఇంకా పోలేదు.

"మేడం, ఆ పిల్ల తరవాత ఏటయ్యింది?"

ఆరేళ్లలో వందల మంది విన్నారా కథ. టీచరుని ఏం చేశారని అడిగారు, హెడ్మాస్టరు ఏమన్నాడని అడిగారు, సర్టిఫికెట్లు ఎప్పుడిస్తారని అడిగారు. పిల్ల ఏమైందని ఒక్కరూ అడగలేదు. అడగరన్న ధైర్యంతోనే ఆవిడ ఆ కథ అన్నిసార్లు చెప్పగలిగింది.

తెలీదు అంది సుహాసిని.

"ఆ టీచరు ఎల్లి కనుక్కోలేదా?"

"లేదు."

హరిబాబు ఆ మాట కూడా పుస్తకంలో రాసుకుని కూర్చున్నాడు. అతను ఏదో కనిపెట్టి అడిగాడని కాదు, మామూలుగానే అడిగాడు. సుహాసిని మాత్రం గంట పూర్తి కాకుండానే అందర్నీ తినమనేసి, నీళ్ల సీసా కోసమని బయటికి వచ్చి, వరండాలో చాలాసేపు నిలబడిపోయింది.

ఆవిడ ఉండేది అరసవల్లిలో, ఒక మేడ మీది రెండు గదుల వాటాలో. కింద ఆటోలు, పక్కన లాడ్జీలు. ఆదివారం వచ్చిందంటే దేవుడి దర్శనానికి వచ్చిన జనం ఆ ఇల్లు కూడా లాడ్జీయే అనుకుని మెట్లెక్కి వచ్చి గంట కొడతారు. గది ఉందా అని అడుగుతారు. లేదండీ అని చెప్పి తలుపేసుకుంటుంది. వారానికోసారి తన గుమ్మంలోకి మనుషులు రావడం, వాళ్లకి కావలసింది తను కాకపోవడం ఆవిడకి అలవాటే. ఒక్కోసారి గంట మోగకపోతే ఇవాళ ఎవరూ రాలేదేమిటా అనిపిస్తుంది కూడా.

ఆ ఆదివారం రెండుసార్లు గంట మోగింది. రెండోసారి వచ్చినవాళ్లు ముసలి దంపతులు. వాళ్లని పంపించేశాక సుహాసిని తలుపు వెయ్యలేదు. మెట్ల మీద కూర్చుని శిక్షణ హాజరు జాబితా తీసింది. హరిబాబు పేరు పక్కన బడి పేరు చూసి, అనుమానపడి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. కొండ కింద బడే. అదే బడి.

ఫోను చేసింది. ఆ గూడెం పేరు చెప్పి, అక్కడి పిల్లలు ఇప్పటికీ ఆ బడికి వస్తున్నారా అని అడిగింది. ముగ్గురు వస్తున్నారన్నాడు. సోంబారి అనే ఆమె గురించి ఎప్పుడైనా విన్నావా అంది. హరిబాబు కాసేపు ఆలోచించి, ఎనిమిదో తరగతిలో గౌరి అని ఒక పిల్ల ఉంది, వాళ్లమ్మ పేరు సోంబారేనన్నాడు. కందికొత్త ఎప్పుడో తెలుసా అని అడిగితే, వచ్చే ఆదివారమేనని వెంటనే చెప్పాడు. ఆవిడ క్లాసు విన్న మర్నాడే పిల్లల్ని అడిగి తెలుసుకున్నాడట, వాళ్లు తననీ రమ్మన్నారట. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. ఆ గూడెం పేరు, ఆ సోంబారి పేరు అప్పటికి అతనికి ఒకచోట కలిశాయి.

"బాబూ, ఆ టీచరుని నేనే" అంది సుహాసిని.

కింద ఆటోవాడు ఎవరినో పిలుస్తున్నాడు. ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చుంది. తిట్టినా బాగుండుననిపించింది.

"ఆదోరం పొద్దున్న తొలి బస్సుకి రండి మేడం" అన్నాడు హరిబాబు చివరికి. "నేను బండేసుకుని బస్టాపు కాడ ఉంటాను."

ఆ వారమంతా ఆవిడ ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉంది. వంటింట్లో నిలబడి చెప్పుకుంది, బస్సులో పెదవులు కదిలిస్తూ చెప్పుకుంది. ఆరేళ్లుగా ఎందరి ముందో మాట్లాడిన మనిషి గనక మాటలు బాగానే కుదిరాయి. బాగా కుదిరినకొద్దీ అవి శిక్షణలో చెప్పేవాటిలాగే వినిపించసాగాయి. బస్సు కొండల దగ్గరికి వచ్చేసరికి వాటన్నిటినీ వదిలేసింది.

గెడ్డ మీద ఇప్పుడు చిన్న వంతెన ఉంది. బండి మీద అర నిమిషం కూడా పట్టలేదు దాటడానికి. వంతెన మధ్యలో ఆవిడ హరిబాబు భుజం గట్టిగా పట్టుకుంది. అతను భయపడకండి, రోడ్డు బాగుందన్నాడు.

గూడెంలో రెండు వరుసల ఇళ్లు ఎదురుబొదురుగా ఉన్నాయి. మధ్య వీధిలో జనం బంతులు తీరి కూర్చుంటున్నారు. అడ్డాకుల విస్తళ్లు వేస్తున్నారు. పెద్ద దాకల్లో కంది ఉడికిన వాసన. హరిబాబుని చూడగానే పిల్లలు పరిగెత్తుకొచ్చి లాక్కుపోయారు. సుహాసిని ఒక్కతే నిలబడి ముఖాలు వెతికింది. పద్నాలుగేళ్ల ముఖాన్ని ముప్ఫై రెండేళ్ల ముఖాల్లో వెతకడం కష్టమే. అయినా ఎక్కువసేపు పట్టలేదు. బంతులకి దూరంగా, చివరి ఇంటి గోడ పక్కన, ఒక్కతే తన ఆకు ముందు పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి కనబడింది.

దగ్గరికి వెళ్లింది. ఆమె తలెత్తి చూసి, వెంటనే గుర్తుపట్టింది.

"సన్నబడిపోనారు టీచరమ్మా" అంది సోంబారి, నిన్నో మొన్నో చూసినట్టు.

సుహాసిని ఎదురుగా నేల మీద కూర్చుంది. క్షమించమని అడగడానికి నోరు తెరిచింది గానీ సోంబారే ముందు అడిగింది.

"అప్పుడు రమ్మన్నాం కదా. రాలేదేటి?"

"భయమేసింది. నలుగురిలో తిడతారనుకున్నాను."

సోంబారి చాలాసేపు ఆవిడ ముఖంలోకి చూసింది. అంత చదువుకున్న మనిషి అంత చిన్న విషయానికి భయపడిందంటే నమ్మకం కలగనట్టుంది.

"తిట్టడానికి కాదు. తినిపించినోల్లు వచ్చి, మాతోటి కూకుని తింతే తప్పు పోద్దని తాత అన్నాడు. అందాకా నన్ను పక్కని కూకోమన్నాడు, బడికి ఎల్లొద్దన్నాడు. ఒక్క ఆదోరమే కదా అనుకున్నాను. మీకని ఆకేసినాం. పొద్దుకూకిందాకా దాన్ని ఎవులూ తియ్యలేదు."

మిగతాది మెల్లమెల్లగా చెప్పింది, ఎవరి సంగతో చెబుతున్నట్టు. కొత్త పండగ అయిపోయాక కూడా మేడం వస్తుందని వారం రోజులు గెడ్డ దారి చూసిందట. ఎండాకాలం సెలవుల తరవాత వస్తుందనుకుందట. మేడం బదిలీ అయిపోయిందని తెలిసేసరికి తొమ్మిదో తరగతే దాటిపోయింది. పెళ్లయింది, గౌరి పుట్టింది. పదేళ్ల కిందట తాత పోయాడు. ఇప్పుడు ఎవరూ ఆ తప్పు పట్టించుకోరు, గౌరి కూడా బంతిలోకి వచ్చి కూర్చోమని ఏటేటా దెబ్బలాడుతుంది. మిగతా రోజులన్నీ అందరిలాగే ఉంటుంది, పనికెళ్తుంది, తింటుంది, నవ్వుతుంది. ఈ ఒక్క పూట మాత్రం పక్కకి వచ్చి కూర్చుంటుంది.

ఎందుకని అడిగింది సుహాసిని. తాతే లేడు కదా.

"మాటన్నోడు పోనాడని మాట పోద్దేటి" అంది సోంబారి. "ఏడాదికో పూటే కదా టీచరమ్మా. అలవాటైపోనాది."

ఒక్కతే కూర్చుని తినడమంటే ఏమిటో సుహాసినికి ఒకరు చెప్పక్కర్లేదు, రోజూ చేసే పనే. కానీ అది తన ఇంట్లో, తలుపేసుకుని. ఊరంతా కలిసి తింటుంటే వాళ్ల ఎదురుగా గోడ పక్కన కూర్చుని తినడం వేరు. అది పద్దెనిమిది సార్లు. ఆవిడకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. సోంబారి ఓదార్చలేదు. కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది.

సుహాసిని లేచి వెళ్లి ఆమె పక్కన, గోడకి ఆనుకుని కూర్చుంది. ఆకులు వేస్తున్న గౌరి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇంకో ఆకు తెచ్చి వేసింది. పండగ వడ్డించే ముసలాయన వచ్చి ముందుగా ఇద్దరి అరచేతుల్లో గుప్పెడేసి ఉడికిన కంది పోసి వెళ్లాడు. వేడిగా ఉంది. సుహాసిని గుప్పిట మూసుకుంది.

"ఇప్పుడు తినొచ్చా?" అని అడిగింది.

ఆవేళ తొమ్మిదో తరగతి గదిలో ఎవరినీ అడగని మాట అది.

"ఇంకా లేదు. పెద్దోల్లకి పెట్టాల. ఆగండి."

ఇద్దరూ ఆగారు. వీధి చివర ఎవరో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తున్నారు. చాలా పేర్లున్నాయి. చేతిలో కంది చల్లారిపోయింది. డప్పు మోగింది. ఆ చప్పుడుకి సుహాసిని ఉలిక్కిపడింది గానీ కదల్లేదు.

"ఊఁ" అంది సోంబారి. "తినండి."

సుహాసిని తింది. సోంబారి ఆవిడ మింగేదాకా చూసి, అప్పుడు తన గుప్పిట విప్పి తింది. తరవాత వడ్డించిన అన్నమూ కందీ కూడా ఇద్దరూ తిన్నారు. బాగుందని చెప్పాలనుకుంది సుహాసిని. ఎవరైనా తనతో అనాలని ఏళ్ల తరబడి ఎదురుచూసిన మాట గనక అనలేకపోయింది.

తినడం అయ్యాక సోంబారి లేచి చెయ్యి కడుక్కుంది. ఒక్క క్షణం అలా నిలబడింది, ఎటు వెళ్లాలో తెలియనట్టు. తరవాత బంతుల వైపు నడిచింది. అక్కడ మాటల్లో ఉన్న ఒక ముసలామె మాట ఆపకుండానే కొద్దిగా జరిగింది. సోంబారి ఆ సందులో కూర్చుంది. గౌరి వెనకనుంచి వచ్చి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది.

హరిబాబు అటునుంచి రమ్మని చెయ్యి ఊపాడు. సుహాసిని వస్తానన్నట్టు తలూపింది గానీ లేవలేదు. సోంబారి వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలని ఆవిడ అనుకోనూ లేదు. గోడ పక్కన ఇంకాసేపు ఒక్కతే కూర్చుని, ముందున్న రెండు ఆకులూ మడిచింది.